కొమ్ము లేని మాట

నలభై ఏళ్ళపాటు ఇతరుల అచ్చుతప్పులు దిద్ది బతికిన ప్రూఫురీడరుకు తన సొంత తప్పు వల్ల మేలు జరిగింది ఒకే ఒక్కసారి. ఆ తప్పు కూడా పెద్దదేమీ కాదు, ఒక కొమ్ము. ఆసుపత్రిలో చేరిన రోజున నాలుగు పేజీల పత్రం ఒకటి నింపమన్నారు. పడని మందులూ పాత జబ్బులూ అన్నీ అయ్యాక, చిట్టచివర ఒక గడి ఉంది: ‘ఆత్మీయ సేవావిభాగం (మనోధైర్యం, ప్రార్థన) నుండి ఎవరైనా వచ్చి మిమ్మల్ని కలవాలని కోరుకుంటున్నారా?’ అప్పటికే ఆయన కుడిచేతి మీద సూది గుచ్చి, గొట్టం తగిలించి, ప్లాస్టరు అంటించేశారు. ఆ బిగుసుకుపోయిన చేత్తోనే ఆయన గడిలో ‘వద్దు’ అని రాశాననుకున్నాడు. రాసింది మాత్రం ‘వద్ద’.

అందువల్ల సోమవారం మధ్యాహ్నం, భోజనాల బండి చప్పుడు వరండా చివరిదాకా వెళ్ళి సద్దుమణిగిన వేళ, మూడో అంతస్తులో కిటికీ పక్కనున్న ఆయన మంచం దగ్గరికి ఒకామె వచ్చి నిలబడింది. నలభై అయిదేళ్ళుంటాయి. ఒంటిమీద తెల్లకోటు లేదు, చేతిలో మందుల పళ్ళెం లేదు. చంకలో ఒక మడతకుర్చీ ఉంది.

"నమస్కారమండీ. ఆత్మీయ సేవావిభాగం నుంచి వచ్చాను. కూర్చోమంటారా?"

"నేను రమ్మనలేదు" అన్నాడు ప్రూఫురీడరు. ఆరు నెలలుగా ఆయన గొంతు గరుకు నేలమీద అట్టపెట్టెను ఈడ్చినట్టు పలుకుతోంది.

"మీ కాగితంలో ‘వద్ద’ అని ఉందండీ."

"‘వద్దు’ అని రాశాను."

"నాకూ ఆ అనుమానం రాకపోలేదు. అయితే మా నాన్నగారు ఉత్తరాల్లో ‘నా వద్ద’, ‘మీ వద్ద’ అని రాసేవారు. పెద్దవాళ్ళు కదా, దగ్గరుండమనడానికి అలా పొట్టిగా రాశారేమో, ఎందుకైనా మంచిది అడిగి పోదామని..."

"ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వండి."

ఆమె ఇచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. ద కింద దవొత్తు నిక్షేపంలా ఉంది. పక్కన ఉండవలసిన కొమ్ము లేదు. ఒక మందుల కరపత్రంలో ‘పిల్లలకు అందనివ్వవద్దు’ అన్న మాటకు కొమ్ము ఎగిరిపోయిందని, రెండువేల ప్రతులు బయటికొచ్చాక యంత్రం ఆపించిన మనిషి ఆయన. ఆ మనిషి ముఖం ఇప్పుడు చెవుల దాకా ఎర్రబడింది.

"కలం ఉందా?"

"ఉంది గానీ నీలమండీ. ఎరుపు లేదు."

"ఏదో ఒకటి తగలెయ్యండి. దిద్దేదాకా కూర్చోండి, అలా నా నెత్తిన నిలబడకుండా."

ఆమె కుర్చీ విప్పి కూర్చుంది. ఆయన ద పక్కన చిన్న గుర్తు పెట్టి, అంచులో కొమ్ము వేసి, దాని చుట్టూ సున్నా చుట్టి, అలవాటు కొద్దీ కింద పొడి సంతకం కూడా చేశాడు. ఆమె కాగితం అందుకుని శ్రద్ధగా చదువుకుంది.

"ఇప్పుడు ‘వద్దు’ అయింది. సరేనండీ, వెళ్ళొస్తాను" అంటూ లేచి కుర్చీ మడిచింది. "ఈ ఆసుపత్రి మొత్తంలో మీరు వద్దంటే ఆగేదాన్ని నేనొక్కదాన్నే. సూది ఆగదు, స్కాను ఆగదు, ఆ ఉప్పులేని జావ అసలే ఆగదు. నేనైనా మాట వినకపోతే ఎలా?"

అని నిజంగానే నడిచిపోసాగింది. ఆమె అడుగులు రెండు మంచాలు దాటాక గానీ ప్రూఫురీడరుకు తట్టలేదు: జబ్బు బయటపడి తొమ్మిది రోజులయింది, ఈ తొమ్మిది రోజుల్లోనూ తన మాట ఒకటి యథాతథంగా చెల్లడం ఇదే మొదలు.

"ఇదిగో అమ్మాయ్!"

ఆమె వెనక్కి తిరిగింది.

"ఆ కుర్చీ ఎందుకలా మోసుకు తిరుగుతున్నారు? ఇక్కడ కుర్చీలకు కరువా?"

"కరువేం లేదు. కాకపోతే వాటిమీద సంచులుంటాయి. సంచులు దింపుతానంటే మొహమాటానికి సరే అంటారు. నా కుర్చీ నేనే తెచ్చుకుంటే నన్ను పొమ్మనడం తేలిక."

"పక్క మంచం వాళ్ళు కుర్చీగారు, కుర్చీగారు అంటుంటే ఎవరో అనుకున్నాను."

"వెనకాల కుర్చీగారంటారు. ఎదురుగా మేడమంటారు."

ప్రూఫురీడరు నవ్వాడు. నవ్వు గొంతులో గుచ్చుకుని దగ్గయింది. దగ్గు తగ్గేదాకా ఆమె వీపు నిమరలేదు, నీళ్ళందించలేదు, అయ్యో అనలేదు, ఊరికే నిలబడింది. అది కూడా ఆయనకు నచ్చింది.

"కూర్చోండి. కానీ దేవుడి మాట ఎత్తకండి. నాకు నమ్మకం లేదు."

"నేనెత్తనండీ. మీరెత్తితే మాత్రం ఆపను."

గురువారం ఉదయం ఆయన గొంతులోని స్వరపేటికను పూర్తిగా తీసేస్తారు. పుండు అంతవరకూ పాకింది. ఆపైన మెడ ముందు చేసే చిన్న రంధ్రం గుండా ఊపిరి పీల్చుకోవాలి. మాట ఉండదు. కొందరికి నెలల సాధన మీద వేరొక రకం మాట వస్తుందనీ, ఎవరికి వస్తుందో ముందే చెప్పలేమనీ శస్త్రవైద్యుడు దాపరికం లేకుండా చెప్పాడు. "ఏం ఫరవాలేదు మాష్టారూ, పలక మీద రాసి చూపించొచ్చు. మీకు రాయడం కొత్తా?" అని భుజం కూడా తట్టాడు. ఆ రాసిందాన్ని చూడవలసిన మనిషికి చూపు లేదన్న సంగతి ఆ వైద్యుడికి తెలియదు.

ప్రూఫురీడరు భార్య దర్జీపని చేసేది. సూది బెజ్జం కనిపించడం మానేసిన నాటినుంచి అంచెలంచెలుగా చూపు మసకబారి, ఆరేళ్ళ కిందట పూర్తిగా ఆరిపోయింది. వేళ్ళు మాత్రం ఏమీ మరిచిపోలేదు. ఇప్పటికీ గుండీలు కుడుతుంది, అంచులు మడుస్తుంది. మధ్యాహ్నం రెండింటినుంచి నాలుగింటిదాకా ఆయన చదువుతుంటే ఆవిడ కుడుతూ వింటుంది. ఆరేళ్ళలో ఆ ఇంట్లో నూట పదహారు పుస్తకాలు అలా పూర్తయ్యాయి.

"ఆవిడతో ఏమని చెప్పారు?" అని అడిగింది కుర్చీగారు.

"గొంతులో చిన్న కణితి, తీసేస్తారు, రెండు వారాల్లో ఇంటికొస్తానని."

"మాట పోతుందని?"

ఆయన కాసేపు దుప్పటి అంచు సరిచేసుకున్నాడు. "అది మీరు చెప్పాలి. ఆపరేషను అయ్యాక. మీకు అలవాటే కదా ఇలాంటివి చెప్పడం."

అడగడానికే కూర్చోబెట్టానన్నట్టు అడిగేశాడు గానీ, ఆ ఆలోచన ఆయనకు అప్పుడే వచ్చింది.

"మీరు అడిగారు కాబట్టి ఆవిడ పక్కన కూర్చుంటాను. ఎంతసేపైనా కూర్చుంటాను. ఆ మాట మాత్రం నేను చెప్పనండీ" అంది ఆమె.

"ఏం? మీ ఉద్యోగంలోకి రాదా?"

"ఆ మాట విన్నాక ఆవిడకి బోలెడు అడగాలనిపిస్తుంది. మిమ్మల్నే అడగాలనిపిస్తుంది. గురువారం మధ్యాహ్నం మీరు జవాబు చెప్పలేరు, నేనుంటాను. నా జవాబులు ఆవిడకెందుకు?"

ప్రూఫురీడరు మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆమె లేస్తుందేమోనని చెవి ఒగ్గాడు. కుర్చీ కదలలేదు. చాలాసేపటికి ఆమే అడిగింది.

"ఇన్నేళ్ళూ ఆ గొంతుతో ఏమేం చేశారండీ?"

"అదేం ప్రశ్న? నా గొంతుకి సంతాపసభ పెడుతున్నారా?"

"పెడదాం. అధ్యక్షులు మీరే."

వెటకారంగా మొదలుపెట్టాడు గానీ, మొదలుపెట్టాక ఆగలేదు. పంతొమ్మిదో ఏట అచ్చాపీసులో చేరినప్పుడు ఆయన పని దిద్దడం కాదు, చదవడం. పెద్ద ప్రూఫురీడరు అచ్చు కాగితం మీద కన్నేసి కూర్చుంటే, ఇతను రాతప్రతిని పైకి చదవాలి. మాటలతోపాటు ప్రతి చుక్కా, ప్రతి గీతా పలకాలి. ‘గాలి వీచింది కామా తలుపు మూసుకుంది ఫుల్‌స్టాపు కొత్త పేరా.’ అలా పన్నెండేళ్ళు. ‘అక్షరాన్ని కడిగి ఆరేసినట్టు చదువుతావోయ్’ అనేవాడు పెద్దాయన. పెళ్ళయిన కొత్తలో భార్యకు రాసిన ఉత్తరం తానే చదివి వినిపించబోయి, ‘నువ్వు లేక తోచడం లేదు ఆశ్చర్యార్థకం’ అన్నాడు. ఆవిడ వారం రోజులు నవ్వింది.

"ఎంత చాకిరీ చేసిందండీ పాపం" అన్నాడు చివరికి, మెడ తడుముకుంటూ. "ఒక్కరోజూ దీన్ని పట్టించుకోలేదు. చన్నీళ్ళు పోశాను, చుట్ట పొగ పోశాను. మెచ్చుకోలుగా ఒక్క మాటైనా అనలేదు."

"ఇప్పుడన్నారుగా" అంది కుర్చీగారు.

ఆయన ఆ సాయంత్రమంతా తేలికగా ఉన్నాడు. రేపు చెప్పేద్దామనుకున్నాడు.

మంగళవారం నాలుగింటికి భార్య వచ్చింది. లిఫ్టు దగ్గరినుంచి ఆయా చేయి పట్టుకుని తీసుకొచ్చి మంచం కాళ్ళవైపు వదిలింది. ఆవిడ ఇనుప కమ్మీ తడుముకుంటూ వచ్చి, ఆయన పాదం దొరగ్గానే ఆగింది.

"ఏవండీ, గోళ్ళు తీసుకోలేదేం? ఆసుపత్రి దుప్పట్లు చింపడానికా?"

సంచిలోంచి రెండు చొక్కాలు తీసింది. మెడ దగ్గర ఒరుసుకోకుండా కాలరు తీసేసి, ముందువైపు పూర్తిగా విప్పుకునేలా తిరగకుట్టింది. చూపులేని వేళ్ళతో అంత పని చేయడానికి మూడు రోజులు పట్టి ఉంటుంది. ‘చిన్న కణితికి కాలరు అడ్డమా?’ అని ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు. చొక్కా గుండీలు ఒక్కొక్కటే లెక్కపెడుతూ, చెప్పవలసిన వాక్యాన్ని లోలోపల నాలుగుసార్లు దిద్దుకుని నోరు తెరిచాడు.

"నీళ్ళ ఫిల్టరు కడిగి చాన్నాళ్ళయింది. కడిగించు" అన్నాడు.

"సరే."

"పెరటి తలుపు గడియ కొంచెం పైకెత్తి వెయ్యాలి."

"ముప్ఫై ఏళ్ళుగా నేనే వేస్తున్నాను."

ఒక గంట అలాగే గడిచింది. ఆవిడ వెళ్ళాక, వరండాలోంచి వెళ్తున్న కుర్చీగారు ఒక్క క్షణం ఆగి చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె ఏమీ అడగకుండా సాగిపోయింది. కోప్పడితే బాగుండుననిపించింది ప్రూఫురీడరుకు.

బుధవారం భార్య మధ్యాహ్నం ఒంటిగంటకే వచ్చేసింది. వచ్చి పావుగంట కాకముందే, మాట పోయినవాళ్ళకు మెలకువలు నేర్పే శిక్షకురాలు హుషారుగా తెర తొలగించుకుని వచ్చింది. చేతిలో ఒక ఫోను, ఒక పలక.

"నమస్తే సార్! ఓ, మేడం కూడా ఉన్నారు, మంచిదైంది. రేపట్నుంచి మనం ఎలా..."

"ఒక్క నిమిషమమ్మా!" అని అరిచాడు ప్రూఫురీడరు. ఆ గొంతుకు అదొక్కటే అరుపు మిగిలి ఉన్నట్టుంది. వార్డంతా ఇటు తిరిగింది. "ఆగు. అది నేను చెప్పాలి."

శిక్షకురాలికి సంగతి అర్థమై, ఫోనూ పలకా మంచం మీద పెట్టి బయటికి జారుకుంది.

చెప్పాడు. ముందూ వెనకా చూసుకోకుండా, ఏ వాక్యం దేని తరవాత రావాలో దిద్దుకోకుండా చెప్పాడు. స్వరపేటిక, రంధ్రం, పలక, అన్నీ. ఆవిడ కదలకుండా విన్నది.

"మీకెప్పుడు తెలిసింది?"

"పదకొండు రోజులయింది."

"పదకొండు రోజులు" అంది ఆవిడ. తరవాత గొంతు పెరిగింది. "పదకొండు రోజులు ఆ గొంతు పెట్టుకుని, నాకు ఫిల్టరు గురించి చెప్పారా!"

ఆవిడ చేతికర్ర తీసుకుని, కిటికీ దాకా నాలుగడుగులు వేసి, వీపు తిప్పి నిలబడింది. ప్రూఫురీడరు కంగారుగా వరండా వైపు చూశాడు. అటుగా ఎవరి చంకలోనో కుర్చీ కదిలింది.

"కుర్చీగారూ!" అని పిలిచేశాడు, మొహంమీదే. పక్క మంచానికి మందులిస్తున్న నర్సు నవ్వాపుకోలేక పళ్ళెం వైపు తల దించుకుంది.

కుర్చీగారు ఆయన వైపు రాలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి, రెండడుగుల దూరంలో ఆగింది. "అమ్మా, నేను ఆత్మీయ సేవావిభాగంలో పనిచేస్తాను. కూర్చోమంటారా?"

"నీకు తెలుసా ఈయన సంగతి?"

"తెలుసమ్మా. సోమవారం నుంచి."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఆయనకింకా గొంతుంది కదమ్మా."

ఆవిడ ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "కూర్చో" అంది. "నన్ను ఊరడించబోకు."

"ఊరడించను."

తరవాత చాలాసేపు ముగ్గురిలో ఎవరూ మాట్లాడలేదు. నిశ్శబ్దంగా కూర్చోవడం కూడా ఒక పనితనమని ప్రూఫురీడరుకు ఆరోజు తెలిసింది. తామిద్దరే ఉన్నట్టయితే తాను మళ్ళీ గడియ గురించో గోళ్ళ గురించో మాట్లాడి ఉండేవాడు. కుర్చీలో ఒక మనిషి తొణక్కుండా కూర్చోవడంతో, ఎవరూ ఎక్కడికీ పారిపోనక్కర్లేదని ఆ చోటంతటికీ తెలిసినట్టయింది. భార్య భుజాలు కాసేపు కదిలాయి, ఆగాయి. ముక్కు చీదుకుంది.

"సగంలో ఆగిన ఆ నవల్లో పిల్ల రైలెక్కుతుందా లేదా?" అంది చివరికి. "మిగతాది ఎవరు చదువుతారు నాకు?"

"ఎక్కుతుంది. నేను ముందే చదివేశాను."

"చెప్పేశారా! ఎవరడిగారు చెప్పమని?"

"నువ్వేగా!"

"నేను బాధపడుతున్నాను. అడగలేదు." ఆవిడ వెనక్కి వచ్చి మంచం మీద కూర్చుంది. తన తొడ ఆయన మోకాలికి తగిలేంత దగ్గరగా కూర్చుంది. కుర్చీగారు తన కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకుంది.

శిక్షకురాలు మళ్ళీ వచ్చి, క్షమాపణ చెప్పుకుని, ఫోను చూపించింది. మనం టైపు చేస్తే అది పైకి మాట్లాడుతుంది. ‘నాకు దాహంగా ఉంది’ అని కొట్టింది. ఫోనులోంచి పాతికేళ్ళ అమ్మాయి గొంతు తేనె పూసుకుని పలికింది.

"ఎవరీ అమ్మాయి?" అంది భార్య. "ఇక మా ఇంట్లోనే ఉంటుందా?"

ప్రూఫురీడరు ఫోను లాక్కుని ‘నిశ్శబ్దం’ అని కొట్టాడు. ఫోను ‘నిస్సబ్‌దం’ అంది. ఆయన మొహం చిట్లించాడు. "దీనికి ముందు ఓనమాలు దిద్దించాలి."

"మీ గొంతు రికార్డు చేసుకోవచ్చు సార్. కొన్ని మాటలు ఇప్పుడే చెప్పి పెట్టుకుంటే మేడం ఎప్పుడైనా వినొచ్చు."

"ఏం చేసుకోను దాంతో?" అంది భార్య. "నేనొకటంటే తిరిగి ఒకటి అనదుగా." తన అరచేయి విప్పి ఆయన ఒళ్ళో పెట్టింది. "ఇందులో రాయండి. వేలితో."

ఆయన చూపుడువేలు ఆ చేతిమీద ఆనింది. సూదిపోట్లకు గట్టిపడిన వేళ్ళు గానీ అరచేయి మెత్తగానే ఉంది. రెండక్షరాలు రాశాడు.

"బియ్యం" అంది ఆవిడ. "ఉన్నాయి ఇంట్లో. నెలకి సరిపడా ఉన్నాయి."

"బియ్యం కాదే" అన్నాడాయన. "భయం."

నలభై మూడేళ్ళ కాపురంలో ఆయన ఆ మాట తన గురించి అనడం ఆవిడ వినలేదు. ఆవిడ వేళ్ళు ఆయన వేలి చుట్టూ మూసుకున్నాయి. "నాకూ" అంది.

కుర్చీగారు లేచి, చప్పుడు కాకుండా కుర్చీ మడుచుకుని వెళ్ళిపోయింది. ఇద్దరూ గమనించలేదు. ఆ సాయంత్రం ఆరింటిదాకా పాఠం సాగింది. అక్షరం అక్షరానికీ మధ్య ఆగమని ఆవిడ నేర్పింది, కుట్టు కుట్టుకీ మధ్య దారం లాగినట్టుగా. రెండుసార్లు తడితే అవును, ఒకసారి తడితే కాదు. ఒత్తుల దగ్గర మాత్రం పాఠం మొరాయించింది.

"ఆ ఒత్తులు మానెయ్యండి బాబూ. ఒత్తుల్లేకుండా రాయండి, నేను సర్దుకుంటా."

"ఒత్తులు మానేసి ఇక నేనెందుకే బతకడం?" అన్నాడాయన. ఆవిడ నవ్వింది. ఆయన కూడా, దగ్గొచ్చేదాకా నవ్వాడు.

వెళ్ళేముందు ఆవిడ ఆయన మెడమీద చేయివేసి, మాట్లాడమంది. ఏం మాట్లాడమంటావన్నాడు. ఏదైనా సరే, చేతికి తెలియాలి, అంది. ఆయన పెళ్ళయిన కొత్తలో తాముండిన ఇంటి మెట్ల గురించి చెప్పాడు; ఆ మెట్ల పక్కన ఆవిడ పెట్టిన కుట్టుమిషను గురించి, అది ఆగినప్పుడల్లా భోజనం వేళయిందని తనకు తెలిసే సంగతి గురించి చెప్పాడు. నీ దగ్గర నాకు లోటన్నది లేకుండా గడిచిందని చెప్పాడు. చాలాకాలంగా తెలిసిన సంగతే అయినా, పైకి అనేసరికి ఆయనకే కొత్తగా వినిపించింది. ఆవిడ అరచేతి కింద ఆ గొంతు అదురుతూనే ఉంది.

శనివారం ఉదయం ఆయన్ను ప్రత్యేక గదినుంచి తిరిగి వార్డుకు తెచ్చారు. మంచం వేరు, కిటికీ అదే. మెడకు కట్టు, కట్టు నడుమ గొట్టం, ముక్కులోంచి ఆహారానికి మరో గొట్టం. ఊపిరి గొట్టంలోంచి వచ్చి పోతున్న చప్పుడు మొదట్లో ఎవరిదో అనిపించింది. గంట గడిచేసరికి అది తనదేనని ఒప్పుకున్నాడు. బతికి ఉన్నాడు. ఒంటిమీది కాలరులేని చొక్కా ఎక్కడా ఒరుసుకోవడం లేదు. కిటికీ అద్దంమీద ఎండ పడింది. దానికీ, ఆ ఊపిరికీ, చొక్కాకూ, కత్తి పట్టిన చేతికీ, వీటన్నిటికీ కలిపి ఎవరికి చెప్పుకోవాలో తెలియని ఒక మంచిమాట ఆయన గుండెలో నిండుగా ఉంది. నమ్మకం లేనివాడికి ఇదొక చిక్కు. అయినా ఆ చిక్కు ఆయనకు బరువనిపించలేదు.

భార్య పక్కనే కూర్చుని ఉంది. పొద్దుటినుంచి ఆయన రాస్తూనే ఉన్నాడు, ఆవిడ తప్పులు చదువుతూనే ఉంది. ‘నొప్పి లేదు’ అంటే ‘నీపై లేడు’ అని చదివి, నాపై ఎవరు లేడండీ అని కంగారుపడింది. మందుల మగతకు ఆయన వేలు వణుకుతోంది, గీతలు ఒకదాని మీదొకటి పడుతున్నాయి. మూడోసారి తప్పాక ఆవిడ చేయి అలాగే ఉంచి, తల పక్కకు తిప్పుకుంది. ఆయన వేలు ఆగిపోయింది. ఫోను బల్లమీద ఉంది. ఆ అమ్మాయే దిక్కేమో ఇకమీదట, అనుకున్నాడు.

"కూర్చోమంటారా?"

కుర్చీగారు. ఆయన చేయి ఎత్తి రమ్మన్నట్టు ఊపాడు. ఆమె కుర్చీ విప్పుకుంది. భార్య కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుంది. సభలో మాట్లాడబోయేవాళ్ళలా వీపు నిటారుగా పెట్టింది.

"రావే తల్లీ. నీకోసమే చూస్తున్నాను. బుధవారం నువ్వు కూర్చోకపోతే నేను ఈయన మీద అలిగి ఇంటికి పోయేదాన్ని. ఈయన మాటలేవీ నాకు దక్కేవి కావు. అందుకని మా ఇద్దరి తరపునా నీకు మా కృతఘ్నతలు."

"అయ్యో, ఎంత మాటమ్మా" అంది కుర్చీగారు మర్యాదగా.

ప్రూఫురీడరుకు మగత దిగిపోయింది. చేసిన మేలు మరిచిపోయే గుణాన్ని పళ్ళెంలో పెట్టి, మేలు చేసిన మనిషికే అందించింది ఆయన భార్య! ఆయన ఆవిడ చేయి పట్టి లాక్కున్నాడు. అరచేతి నడిమధ్యన, ఒక్క వణుకు లేకుండా, జ అక్షరం రాశాడు. ఆగాడు. దాని కిందికి దిగి ఒత్తు చుట్టాడు.

ఆవిడ నొసలు ముడిపడింది. "జ... కింద ఏదో తోక. మళ్ళీ రాయండి."

మళ్ళీ రాశాడు.

"జ్ఞ!" అంది ఆవిడ. "జ్ఞ ఏమిటి, మధ్యలో?" ఒక్క క్షణం ఆలోచించింది. "ఓహో. కృత... జ్ఞ... తలు. అదా?"

ఆయన రెండుసార్లు తట్టాడు. గట్టిగా.

"చూశావా తల్లీ, గొంతు కోసి పక్కన పెట్టినా ఈయన నోరు ఊరుకోలేదు!" అని ఆవిడ నవ్వుతుంటే చెంపలమీద నీళ్ళు కారుతున్నాయి. కుర్చీగారు కూడా నవ్వింది, కళ్ళు ఒత్తుకుంది. ఆరేళ్ళుగా నూట పదహారు పుస్తకాలు విన్న మనిషికి ఆ మాట నిజంగానే తెలియదా, లేక ఒక అక్షరాన్ని తన చేతిలోకి రప్పించడానికి కావాలనే తప్పు పలికిందా అన్నది ప్రూఫురీడరు ఆవిడను ఎన్నడూ అడగలేదు.

ఆయన వేలు మళ్ళీ కదిలింది. ఈసారి ఆవిడ ఒక్కొక్క అక్షరమే పైకి చదివింది. "రే... పు... రం... డి. రేపు రమ్మంటున్నారమ్మా నిన్ను."

"రేపు ఆదివారమండీ. నాకు సెలవు. సోమవారం తప్పకుండా వస్తాను."

"పోనీలే, తొందరేం లేదు" అంది భార్య, అరచేయి మళ్ళీ విప్పి ఆయన ముందు పెడుతూ. "సోమవారానికి నేను ఇంకో నాలుగు తప్పులు పోగేసి ఉంచుతాను."